నిలబడిన జనం వెనుక చక్రాల కుర్చీ

అమెరికాలో అరీనాలో, అంటే చుట్టూ మెట్ల వరుసలున్న పెద్ద ప్రదర్శనశాలలో, జరిగే సంగీత విభావరికి చక్రాల కుర్చీలో ఉన్న తల్లినో తండ్రినో తీసుకువెళ్లే పిల్లలకు అక్కడి చట్టం కల్పించిన సదుపాయాలన్నింటిలోకీ విలువైనది పక్క సీటు. 1990 నాటి దివ్యాంగుల చట్టం కింద రూపొందిన 2010 ప్రమాణాలు చక్రాల కుర్చీకి కేటాయించిన ప్రతి స్థలం పక్కన తోడు వచ్చినవారికి కనీసం ఒక కుర్చీ ఉండాలని నిర్దేశించగా, ఖాళీ ఉన్నంతవరకు ఆ స్థలం టికెట్‌తో పాటు అదే వరుసలో పక్కపక్కనే మూడు టికెట్ల వరకు కొనుక్కునే వీలును టికెట్ల నిబంధనలు కల్పించాయి.

అంతకంటే సూక్ష్మమైనది దృష్టిరేఖ, అనగా ప్రేక్షకుడి కంటి నుంచి వేదిక దాకా అడ్డులేని చూపు. అందరికీ తెలిసిన పల్లవి వినబడగానే ముందు వరుసలన్నీ లేచి నిలబడతాయి, కూర్చున్న తల్లికి ఇక కనిపించేవి చొక్కాల వీపులు, పైకెత్తిన ఫోన్లు మాత్రమే; కనుక జనం నిలబడే అవకాశమున్న చోట వారి తలల మీదుగానో మధ్యగానో వేదిక కనిపించేలా చక్రాల కుర్చీ స్థలాన్ని నిర్మించాలని ప్రమాణాలు కోరుతున్నాయి. ఇంత ఆలోచించి రాసిన నియమం నిజంగా గౌరవించదగినది.

భారతదేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సాంస్కృతిక, వినోద కార్యక్రమాలలో సమాన భాగస్వామ్యాన్ని గుర్తించింది. సౌలభ్యానికి తప్పనిసరి ప్రమాణాలు రూపొందించాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. హైదరాబాదు, విజయవాడ మైదానాలలో వేసే తాత్కాలిక వేదికల దగ్గర కూడా, నిర్వాహకులకు ఫోన్ చేసి బతిమాలుకునే అగత్యం లేకుండా, చక్రాల కుర్చీ స్థలాన్నీ పక్క సీటునూ కలిపి టికెట్ కొనేటప్పుడే ఎంచుకునే ఏర్పాటు ఉండి తీరాలి.