గది రేటు, దరువు రేటు

డప్పు గురించి మనోళ్లు చాలా రాసిండ్రు. అది వెట్టి అని రాసిండ్రు, ఆయుధం అని రాసిండ్రు. రెండూ నిజమే. నేను రాసేది మూడో సంగతి. డప్పు నాకు నౌకరీ. పట్నం శివారుల ఒక వినోద పార్కు, దాని ఆవరణలోనే ఒక రిసార్టు హోటలు. పేరు రాయను. రాస్తే అది ఒక్క హోటలు కథ అనుకుంటరు. 2011 నుంచి 2020 దాకా ఆ హోటలు గుమ్మం ముందర డప్పు కొట్టిన. ఆ తొమ్మిదేండ్లల్ల గది కిరాయి ఎట్లా పెరిగిందో, మేము ఎట్లా తగ్గినమో రెండూ దగ్గర నుంచి చూసిన.

మాది నల్లగొండ జిల్లా. మాదిగోళ్లం. చావుకు, పెండ్లికి, బోనాలకు, పీర్లకు, ఊరి చాటింపుకు డప్పు మా నాయినదే. పంట కళ్లంల మేర కింద ఇన్ని వడ్లు కొలిచేటోళ్లు. కొలిచే మానిక వాళ్లది, కొలిచే చెయ్యి వాళ్లది. నాయిన తువ్వాల పట్టుకొని నిలబడేటోడు. జరమొచ్చినా రాననే హక్కు లేదు. వెట్టిని 1976 చట్టం రద్దు చేసింది. దళితులతో బలవంతంగా వెట్టి చేయించడం నేరమని 1989 అత్యాచారాల నిరోధక చట్టం చెప్పింది. రెండు చట్టాలూ ఉన్న ఊళ్లెనే మా నాయిన అర్ధరాత్రి శవం ముందర డప్పు కొట్టిండు.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిల మాదిగ దండోర మొదలైంది. అప్పుడు నాకు ఎనిమిదేండ్లు. ఆ గాలి మా వాడకు కూడా వచ్చింది. చావు డప్పు బంద్ అని మా వాడ యువకులు తీర్మానం చేసిండ్రు. ఊరోళ్లు కూలికి పిలవడం మానేసిండ్రు, బాయికాడ మాటలన్నరు. మా నాయిన ఊరికి కొట్టుడు బంద్ పెట్టి సభలకు పోయి కొట్టిండు. అవే సిర్ర, సిటికెన పుల్లలు, అదే మేకతోలు. పిలిచినోళ్లు మారిండ్రు. కొట్టేటోడు ఒప్పుకొని పోయిండు. నాకు అప్పుడు తెల్వలేదు గాని ఆ తేడా చాలా పెద్దది.

నేను డిగ్రీ చదివిన. రెండేండ్లు ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టిన. ఆఖరికి నౌకరీ ఇచ్చింది నాయిన దగ్గర నేర్చుకున్న డప్పే. ఒక కాంట్రాక్టరు మా చిన్నాయినను, నన్ను, మా వాడ పిలగాండ్లను కలిపి ఎనిమిది మందిని తీసుకపోయిండు. దినానికి 450 రూపాయలు, ఒక పూట తిండికి టోకెను. ధోతి, గొంగడి, తలపాగ వాళ్లే ఇచ్చిండ్రు. మొదటి రోజే ఒక సూపర్‌వైజరు నన్ను ఆపి, "అద్దాలు తీసెయ్, పల్లెటూరి డప్పోడికి కళ్లద్దాలు ఉండవు" అన్నడు. తీసేసిన. తొమ్మిదేండ్లు అతిథుల మొఖాలు మసక మసకగానే చూసిన. మేము వెనుక గేటు నుంచి రావాలె. డప్పు కొట్టేది ముందు గుమ్మంల, కానీ కొట్టడం అయినంక ఆ గుమ్మంల నిలబడొద్దు. లాబీల మంచినీళ్లు తాగొద్దు. ఊళ్లె హోటల్లల రెండు గ్లాసులుండేవి. ఇక్కడ రెండు గేట్లు.

డప్పు కాగకపోతే మోగదు. వానకాలం మరీ కష్టం. మొదట్ల వంటగది వెనుక కాగితాలు, ఎండుగడ్డి కాల్చి కాపుకునేటోళ్లం. పొగ వస్తుందని 2014ల మంట బంద్ చేసిండ్రు. ఫైబరు డప్పులు తెచ్చిచ్చిండ్రు. "ఇది మోగుతది, కానీ పలకది" అన్నడు చిన్నాయిన. ఆయన మాట ఎవరికీ పట్టలేదు. అతిథులకు ఫొటోల తేడా కనబడదు గదా.

సంతోషం లేదని అబద్ధం రాయను. కొన్ని సాయంత్రాలు పిల్లలు మా చుట్టూ దుంకేటోళ్లు. మేము దరువు మార్చుకుంట ఒకరినొకరం చూసి నవ్వుకునేటోళ్లం. ఒక రోజు పెద్ద కారుల కుటుంబంతో దిగిన ఒకాయన, భార్యాపిల్లలు లోపలికి పోయేదాకా ఆగి నా దగ్గరకొచ్చిండు. "తమ్మి, మాది కూడా వాడనే. మా తాత కొట్టేటోడు" అన్నడు. గొంతు చాలా చిన్నగ చేసి చెప్పిండు. అటు ఇటు చూసిండు. ఆ రాత్రికి ఆయన కట్టిన కిరాయి నా నెల జీతంలో సగానికి మించింది. అంత కట్టినోడు కూడా ఆ గుమ్మంల తన వాడ పేరు గట్టిగ చెప్పుకోలేకపోయిండు. ఆయన మీద నాకు కోపం లేదు.

ఇగ లెక్కలు. నేను చేరిన యాడాది మామూలు గది 3,800. 2015ల 5,500. 2019 ఆఖరుకు 7,499. ఆ ఒక్క రూపాయి ఎందుకు తగ్గించిండ్రో చాలా రోజులు అర్థం కాలేదు. లెక్కల సెక్షన్ల పనిచేసే పిలగాడు చెప్పిండు. 2019 అక్టోబరు నుంచి 7,500 దాకా ఉన్న గదికి జీఎస్టీ 12 శాతం, అది దాటితే 18 శాతం. (2025 సెప్టెంబరు 22 నుంచి కింది మెట్టు 5 శాతం అయింది.) శనివారం ఒక రేటు, మంగళవారం ఒక రేటు. దసరాకు, డిసెంబరుకు ఇంకో రేటు. గదులు నిండుతున్న కొద్దీ కంప్యూటరే రేటు పెంచుతది. పార్కు టికెట్టు, పొద్దటి నాష్టా, "సాంస్కృతిక స్వాగతం" కలిపి ప్యాకేజీ అనేటోళ్లు. ఆ స్వాగతం మేమే. బిల్లుల మా కష్టం ఉంది, మా పేరు లేదు.

మా లెక్క ఇట్లుంది. 2011ల ఎనిమిది మందిమి, దినాం మూడు సార్లు. 2015ల ఐదుగురం. 2018ల నలుగురం, శని ఆదివారాలే. కూలి 450 నుంచి 600 అయింది. గది దాదాపు రెట్టింపైతే మా కూలి మూడో వంతు పెరిగింది. దినాలు తగ్గినయి కాబట్టి నెలకు చేతికొచ్చేది మొదటి యాడాది కన్న తక్కువైంది. మాతో పాటు ఒగ్గుడోలు కొట్టేటోళ్లు, ఒక తోలుబొమ్మలాట కుటుంబం, కట్టె కాళ్ల మీద నడిచే ఒక పిలగాడు ఉండిరి. ఒక్కొక్కరే పోయిండ్రు.

ఎందుకు మమ్మల్నే ముందు తీస్తరు? నేను చాలా ఆలోచించిన. రంగులరాట్నం బ్యాంకు అప్పు మీద వస్తది, తిరిగినా తిరగకపోయినా వాయిదా కట్టాలె. ఏసీ ఆపితే అతిథి ఊకోడు. పరుపు చినిగితే ఫిర్యాదు చేస్తడు. డప్పు లేకపోతే ఎవరూ ఫిర్యాదు చెయ్యరు, ఎందుకంటే వచ్చినోడికి నిన్న అక్కడ డప్పు ఉండెనని తెల్వదు. దినకూలీని తీసేసేటప్పుడు నోటీసు ఇయ్యరు, నష్టపరిహారం ఇయ్యరు. "రేపు రావద్దు" అని ఫోన్ చేస్తే చాలు. మనిషి చేసే పని ఒక్కటే అక్కడ అప్పటికప్పుడు తగ్గించగలిగిన ఖర్చు.

ఇది మన దేశపు రోగమే కాదు. అమెరికాల ఫ్లోరిడాలో ఉన్న వాల్ట్ డిస్నీ వరల్డ్ 1971 అక్టోబరు 1న తెరిచినప్పుడు పెద్దోళ్ల ప్రవేశ రుసుము మూడున్నర డాలర్లు. 2022 డిసెంబరుల బాగా రద్దీ ఉన్న రోజుకు అదే మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు టికెట్టు 189 డాలర్లు. 2005 నుంచి హోటలు అతిథులను విమానాశ్రయం నుంచి ఉచితంగా తెచ్చిన బస్సులు 2022ల ఆగిపోయినయి. 2018ల హోటళ్లల రాత్రి కారు నిలిపినందుకు కూడా రుసుము పెట్టి, 2023 జనవరిల తీసేసిండ్రు. ఇంకోపక్క 2014ల ఎప్‌కాట్ పార్కుల కెనడా మండపం ముందర వాయించే ఆఫ్ కిల్టర్ బృందాన్ని, మొరాకో మండపం ముందర వాయించే మొరాకిన్ బృందాన్ని ఆపేసిండ్రు. 2020ల కరోనా పేరు మీద డిస్నీ పార్కుల విభాగం 28,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఫ్లోరిడాలో నటుల సంఘం యాక్టర్స్ ఈక్విటీకి చెందిన కళాకారులే 720 మంది పోయిండ్రని ఆ సంఘం చెప్పింది.

ఇది చదివినప్పుడు నాకు రెండు సంగతులు తోచినయి. ఒకటి, వాళ్లు మాకు దూరపోళ్లు కాదు. రెండు, వాళ్లకు లెక్క చెప్పే సంఘం ఉంది. 720 అని ఒక అంకె బయటికి రావాలంటే ఎవరో సభ్యత్వ పుస్తకం పెట్టుకొని ఉండాలె. 2024 మేల కాలిఫోర్నియా డిస్నీలాండ్‌ల మిక్కీ మౌస్ వంటి వేషాలు కట్టేటోళ్లు, ఊరేగింపులల్ల ఆడేటోళ్లు ఓట్లేసుకొని అదే సంఘంల చేరిండ్రు. 953 మంది అవునన్నరు, 258 మంది కాదన్నరు. మా ఎనిమిది మంది లెక్క ఏ పుస్తకంల ఉంది? కాంట్రాక్టరు జేబుల పెట్టుకునే చిన్న డైరీల ఉండె. అది కూడా ఆయన దగ్గరనే.

2020 మార్చిల అన్నీ బంద్ అయినయి. "తెరిచినంక పిలుస్తం" అన్నరు. పిలవలేదు. 2021 మేల కరోనాతోని మా చిన్నాయిన సచ్చిపోయిండు. డప్పు కొట్టెటాయన చావుకు డప్పు లేదు, నలుగురు మనుషులు లేరు. ఆ యాడాది చివరల హోటల్ల గదులు ఊడ్చే మా ఊరి చెల్లె ఫోన్ చేసింది. "అన్నా, మీ డప్పు ఇనబడుతుంది, మీరు కనబడరేంది?"

పోయి చూసిన. గుమ్మం పక్క పూలకుండీల నడుమ రెండు స్పీకర్లు పెట్టిండ్రు. కారు రాంగనే డప్పు మోగుతది. 2017ల ప్రచారం వీడియో అని మైకులు పెట్టి మమ్మల్ని రెండు గంటలు కొట్టించిండ్రు. ఆ రోజు కూలి తప్ప పైసా ఇయ్యలేదు, ఏ కాగితం మీద సంతకం తీసుకోలేదు. అదే ఇది. నాకు అనుమానం లేదు, ఎందుకంటే దరువు మారేటప్పుడు చిన్నాయిన ఒక కేక పెడతడు. ఆ కేక స్పీకర్ల ఉంది. మనిషి మట్టిల కలిసి ఆర్నెల్లు, కేక మాత్రం అతిథులకు స్వాగతం చెప్తుంది. ఇంటికొచ్చి చిన్నమ్మకు చెప్పిన. ఆమె ఏడ్వలేదు. "ఆ కేకకు పైసలు రావా బిడ్డా?" అని అడిగింది.

ఆ ప్రశ్న పట్టుకొని ఒక వకీలు దగ్గరికి పోయినం. 1957 కాపీరైటు చట్టానికి 1994ల సవరణ తెచ్చి ప్రదర్శకుల హక్కు చేర్చిండ్రంట. దండోర పుట్టిన యాడాదే. ప్రదర్శకుడు అంటే ఎవరని ఆ చట్టంల రాసిన వరుసల నటుడు, గాయకుడు, వాద్యకారుడు, నర్తకుడు, దొమ్మరి విద్యలోడు, గారడీవాడు, పాములాడించేటోడు కూడా ఉండు. ఆ హక్కు 50 ఏండ్లు ఉంటది. రాతమూలకంగా ఇయ్యకుండ ఇంకొకరికి పోదు. వ్యాపారానికి వాడితే ప్రదర్శకునికి వాటా రావాలని 2012 సవరణ చెప్పింది. ఇదంతా విన్నంక నాకు సంతోషం కన్న కోపం ఎక్కువొచ్చింది. కొట్టిన తొమ్మిదేండ్లల్ల ఈ మాట మాకు చెప్పినోడు లేడు.

నోటీసు పంపినం. హోటలు, కాంట్రాక్టరును అడగమన్నది. కాంట్రాక్టరు, "ఆ రోజు కూలి తీసుకున్నరు గదా" అన్నడు. లేబర్ ఆఫీసుకు పోతే నియామక పత్రం, హాజరు పట్టీ, పీఎఫ్ నంబరు అడిగిండ్రు. మా దగ్గర తలపాగ ఉంది. రెండో నోటీసు పోయిన వారానికి స్పీకర్ల మా డప్పు ఆగింది. దాని జాగల సినిమా పాట పెట్టిండ్రు. పైసలు రాలేదు, పని రాలేదు. ఇప్పుడు ఆ గది 11,000 దాటింది.

మా బృందంల ఇద్దరు నన్ను తిట్టిండ్రు. "అడగకపోతే మన సప్పుడన్న ఉండు" అన్నరు. ఇంకొకరు, "ఆ డప్పును ఎప్పుడో పారేయాల్సింది, హోటల్ల కొట్టినా వెట్టి వెట్టే" అన్నరు. ఈ వాదన మన సభలల్ల ముప్పై ఏండ్ల నుంచి నడుస్తనే ఉంది. మా నాయిన రెండూ విని, "ఊళ్లె మానికెడు వడ్లు పోసిండ్రు, ఆడ టోకెనిచ్చిండ్రు. కొలత ఎవరి చేతుల ఉందో అది సూడుండ్రి" అన్నడు.

నేను డప్పు పారేయను. నాకు కావాల్సింది హోటలోడి మెప్పు కాదు. ఎన్ని గంటలు, ఎంత కూలి, రికార్డు చేస్తే ఎంత వాటా, ఏ గేటు నుంచి రావాలె అని రాసిన కాగితం కావాలె. దాని మీద మా సంతకం, వాళ్ల సంతకం ఉండాలె. ఆంధ్రప్రదేశ్‌ల డప్పు కళాకారులకు 2024 జూలై నుంచి నెలకు 4,000 పింఛను ఇస్తుండ్రు. మంచిదే. కానీ పింఛను చేతులు ఆగిపోయినోళ్లకు. చేతులు ఆడుతున్నోళ్లకు కావాల్సింది ఒప్పందం.

పోయిన యాడాది నుంచి రిసార్టులల్ల, ఫంక్షన్ హాళ్లల్ల, ఈవెంట్లల్ల కొట్టేటోళ్ల పేర్లు రాసుకుంటున్న. ఎక్కడ కొట్టిండ్రు, ఎంతిచ్చిండ్రు, రికార్డు చేసిండ్రా అని మూడు గడులు. ఇప్పటికి 61 పేర్లు. అందులో మొదటి పేరు మా చిన్నాయినది. ఆయన గడిల కూలి 600, రికార్డు అవును, వాటా సున్న అని రాసిన. యూనివర్సిటీలల్ల చదివే తమ్ముండ్లు, చెల్లెండ్లు మన మీద పరిశోధన చేస్తమని వస్తుంటరు. రండి. వచ్చేటప్పుడు మీ ఊరి డప్పోళ్ల పేర్లు, వాళ్ల కూలి లెక్కలు రాసుకొని రండి.