పాత కారు చిట్టా

రాయవేలూరు నుండి గుడియాత్తమునకు పోవు దారిలో పాతకాలపు పందెపు కారొకటి కనబడినచో, యజమాని యెవరని అందరును అడుగుదురు. దానిని నడపి గెలిచినవారెవరని అడుగువారు అరుదు. గుమాస్తాలమై దస్తరములు వ్రాసిన మాకు దీని కారణము తెలియును. రిజిస్ట్రేషను పుస్తకములో యజమాని పేరు, ఇంజను సంఖ్య, ఛాసిస్ సంఖ్య ఉండును గాని గెలుపోటములకు గడి లేదు.

అట్టి కారు ఒకప్పుడు మదరాసు చేరువ షోలవరములో, యుద్ధకాలపు విమానాల బాటపై జరిగిన పందెములలో పరుగెత్తి యుండవచ్చును. కోయంబత్తూరు తెలుగింటివారైన జి.ఆర్. కార్తికేయన్ దక్షిణ భారత ర్యాలీని ఏడుమారులు గెలిచిరి. వారి కుమారుడు నరైన్ 2005లో ఫార్ములా వన్ పందెములలో పాల్గొన్న తొలి భారతీయుడాయెను. ఇవి మనకు దక్కినది వ్రాసి యుంచినవారి వలననే.

కావున కారు చేతులు మారునపుడు చిట్టాయును మారవలెను: ఎవరు కొనిరి, ఏ పందెమున ఏ స్థానము వచ్చెను, ఏ భాగము మార్చిరి. లేనిచో కొన్నవారికి దక్కునది ఇనుమే.

మన కుటుంబములకును ఇదియే వర్తించును. ఇంటి పత్రములు పెట్టెలో భద్రముగానున్నవి. తాతలు ఎచ్చటనుండి వచ్చిరో, ఏ పనిలో పేరు పొందిరో తెలుగున వ్రాసి యుంచిన యిండ్లు కొలదియే. పెద్దలుండగానే వారినడిగి వ్రాసికొందము.