ఫ్లూ వెనకాలే బూజు

8 అక్టోబర్ 2024, మంగళవారం

ఇవాళ గరుడసేవ. తిరుపతి రోడ్లన్నీ జనమే, డ్యూటీకి చేరేసరికి ఆలస్యమైంది. పలమనేరు వైపు నుంచి వచ్చిన హెచ్1ఎన్1 ఫ్లూ పేషెంట్ గురించే చింత. నలభై దాటిన రైతు. షుగర్ లేదు, బీపీ లేదు. వెంటిలేటర్ మీద కాస్త తేరుకుంటున్నాడనుకుంటే రాత్రి నుంచి మళ్లీ ఆక్సిజన్ పెంచాల్సి వస్తోంది. సక్షన్ చేస్తే రక్తపు చారలతో జిగట కఫం. బ్యాక్టీరియా అనుకుని యాంటీబయాటిక్ మార్చారు. నాకు నమ్మకం కుదరలేదు. బ్రాంకోస్కోపీ చేద్దామన్నాను.

9, బుధవారం

శ్వాసనాళం గోడల మీద తెల్లటి పొర, తాకితే నెత్తురు. ఊపిరితిత్తి కడిగిన నీళ్లు ఫంగస్ జాడ పట్టే గెలాక్టోమానన్ పరీక్షకీ, కల్చర్‌కీ పంపాం. రిపోర్టు కోసం ఆగకుండా ఫంగస్ మందు వొరికొనజోల్ మొదలుపెట్టాం.

2021లో రుయా, స్విమ్స్ ఆసుపత్రుల వార్డుల్లో బ్లాక్ ఫంగస్ చూసినవాళ్లకి ఫంగస్ అంటే కంటి వాపు, ముక్కులో నలుపు. అది మ్యూకర్, దానికి ఆంఫోటెరిసిన్ కావాలి, వొరికొనజోల్ పనిచెయ్యదు. ఇది ఆస్పర్జిల్లస్ అనే నా అనుమానం. ముఖాన ఏ గుర్తూ ఉండదు.

10, గురువారం

అతని భార్య నిలదీసింది. "జరమంటిరి, ఇబ్బుడు బూజంటారు. యాడ పట్టింది సార్ ఇది?"

"మనందరం రోజూ పీల్చే గాలిలోనే ఉంటుందమ్మా. మామూలప్పుడు ఒళ్లే ఊడ్చేస్తుంది. ఫ్లూ గొంతు కిందనున్న లోపలి పొరను చీల్చేసింది, కాపలా పోయింది."

"వానకి తడిసిన చెనిక్కాయలకి పడతాదే, అదా?"

ఆ వంశమేనన్నాను. కాయలకి పట్టి అఫ్లటాక్సిన్ పుట్టించే ఫ్లేవస్ కూడా ఆస్పర్జిల్లసే. తప్పు చేనుది కాదని మాత్రం రెండుసార్లు చెప్పాను. ఆమె తన కల్లాన్నే తిట్టుకుంటోంది.

13, ఆదివారం

గెలాక్టోమానన్ పాజిటివ్. కల్చర్‌లోనూ ఆస్పర్జిల్లస్. ఆక్సిజన్ కొంచెం తగ్గించగలిగాం, గట్టెక్కాడని ఇంకా చెప్పలేను.

నెదర్లాండ్స్, బెల్జియం ఐసీయూల లెక్క 2018లో అచ్చయింది: ఫ్లూతో చేరిన 432 మందిలో 19 శాతానికి ఈ ఫంగస్. రోగనిరోధక శక్తి బాగున్నవాళ్లలోనూ 14 శాతం. ఫంగస్ పట్టినవాళ్లలో 90 రోజుల్లో 51 శాతం చనిపోయారు, పట్టనివాళ్లలో 28. మన దగ్గర వెతికేదే తక్కువ, అందుకే లేదనుకుంటాం.

ఫ్లూతో వెంటిలేటర్ ఎక్కినవాళ్లు తేరుకోకుండా మళ్లీ జారితే, షుగర్ లేదని వదిలెయ్యకుండా, మొదటి వారంలోనే బ్రాంకోస్కోపీ చేసి ఫంగస్ పరీక్ష పంపాలి. రేపు రౌండ్స్‌లో పీజీలకి ఇదే చెప్పాలి.