పడ్డవాడు ప్రతిసారీ లేచే ఆట

మా సంఘం సమావేశానికి కొత్తవాళ్ళు వచ్చినప్పుడు ఒక ఆనవాయితీ ఉంది. ఒక్కొక్కరూ తాము హేతువాదం వైపు ఎలా వచ్చారో చెప్పాలి. ఒకాయన కోవూర్ పుస్తకం చదివి వచ్చానంటారు. ఇంకొకాయన గోరా గారి ఉపన్యాసాలు విన్న తన తండ్రి వల్ల అంటారు. నా వంతు వచ్చినప్పుడు "కంప్యూటర్లో బైకు పందెం ఆట ఆడి వచ్చానండీ" అంటాను. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. అది అబద్ధం కాదు గానీ సగం నిజం. మిగతా సగం అక్కడ ఎప్పుడూ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

మా ఇంటికి కంప్యూటర్ 2001లో వచ్చింది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో విడిభాగాలు కొని బిగించిన పెంటియం 3, 64 ఎంబీ ర్యామ్, విండోస్ 98. పిల్లల చదువు కోసమని నాన్న అప్పు చేసి కొన్నారు. ఖమ్మం దాకా బస్సులో మానిటర్ డబ్బాని ఒళ్ళో పెట్టుకుని తెచ్చాం. అమ్మ సీపీయూకి పసుపు రాసి, బొట్టు పెట్టి, పైన ఒక నిమ్మకాయ పెట్టింది. మూడో రోజుకల్లా అందులో చదువు ఆగిపోయి మోటోక్రాస్ మ్యాడ్‌నెస్ మొదలయింది.

ఆడనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. రెయిన్‌బో స్టూడియోస్ తయారు చేయగా మైక్రోసాఫ్ట్ 1998లో విడుదల చేసిన ఆట ఇది. ఇందులో తారు రోడ్డు ఉండదు. మట్టి దిబ్బలు, ఎడారి, రాళ్ళ క్వారీ, స్టేడియంలో పోసిన మట్టి గుట్టలు. దిబ్బ ఎక్కి ఎగిరాక గాల్లో ఉండగానే బండి ముక్కుని సరిచేసుకోవాలి. అవతలి వాలుకి సమంగా దిగితే వేగం నిలుస్తుంది, లేదంటే మనిషి ఒకవైపు, బండి ఒకవైపు. గుడ్డ బొమ్మలా దొర్లుకుంటూ పోతాడు. మరుక్షణం మళ్ళీ బండి మీద ఉంటాడు. పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాదంటారు. ఈ ఆటలో పడ్డవాడికి కనీసం చొక్కా కూడా చిరగదు.

దీన్ని ఆడినవాళ్ళెవరూ మరచిపోలేనిది ఇంకొకటుంది. మైదానం చుట్టూ నిటారుగా కొండ గోడ ఉంటుంది. కష్టపడితే దాన్ని ఎక్కచ్చు. పైన చదునైన నేల కనిపిస్తుంది. సంబరంగా ముందుకు పోతాం. అంతే, ఢామ్మని ఒక చప్పుడు! కనబడని ఫిరంగి పేల్చినట్టు బండినీ మనిషినీ ఎత్తి మళ్ళీ మైదానం మధ్యకి విసిరేస్తుంది.

మా బాబాయి కొడుకు నాకన్నా నాలుగేళ్ళు చిన్న. వాడూ నేనూ కలిసే ఆడేవాళ్ళం. మొదటిసారి అలా విసిరేసినప్పుడు వాడు భయపడి కుర్చీలోంచి లేచి, "అన్నయ్యా, అక్కడికి పోకూడదేమో, ఎవరో ఉన్నారు" అన్నాడు. నాకూ ఒళ్ళు జలదరించింది. కానీ ఆటే కదా, మళ్ళీ పోయాం. వేగంగా పోయాం, మెల్లగా పోయాం, బండి మార్చి పోయాం, నాలుగు దిక్కులా పోయాం. ప్రతిసారీ అదే చప్పుడు, అదే విసురు. సాయంత్రానికి భయం పోయి నవ్వు మిగిలింది. అవతల ఎవరూ లేరు. అక్కడి నుంచి ఎవరూ ఏమీ తయారు చేయలేదు కాబట్టి వెనక్కి పంపే ఒక నియమం పెట్టారు, అంతే.

వాడు డిగ్రీకి వచ్చాక ఇదే పట్టుకుని నాతో వాదించేవాడు. "ఆటకి చేసినవాడు ఉన్నాడు కదా, మరి లోకానికి లేడా?" అని. "ఉంటే ఉండనీరా. తాయెత్తు కట్టుకున్నవాణ్ణీ కట్టుకోనివాణ్ణీ ఒకేలా విసిరేస్తున్నాడు కదా. మరి తాయెత్తెందుకు?" అనేవాణ్ణి.

ఆ తాయెత్తు సంగతి చెప్పాలి. వాడికి చిన్నప్పుడు తరచూ జ్వరాలు వస్తుంటే పిన్ని దండకి కట్టించింది. పందెం మొదలయ్యే ముందు వాడు దాన్ని విప్పి సీపీయూ మీద పెట్టేవాడు. ఒకసారి అలా పెట్టినప్పుడు గెలిచాడట. అప్పటి నుంచి అది లేకుండా ఆడడు.

ఒక వేసవి సెలవుల్లో దీన్ని తేల్చేద్దామనుకున్నాం. సీపీయూ బల్ల కింద ఉండేది, ఆడేవాడికి కనబడదు. ఒకటే ట్రాకు, ఒకటే బండి, 40 పందేలు. ప్రతి పందేనికీ ముందు నేను నాణెం ఎగరేసేవాణ్ణి. బొమ్మ పడితే తాయెత్తు సీపీయూ మీద, బొరుసు పడితే నా జేబులో. అది ఎక్కడుందో వాడికి చెప్పను. గెలిస్తే లెక్కల నోటుబుక్కులో వెనక పేజీలో ఒక గీత. రెండు రోజులు పట్టింది. చివరికి లెక్క చూస్తే తాయెత్తు ఉన్న వైపు ఒక్క గీత ఎక్కువ వచ్చింది!

"చూశావా!" అని వాడు గెంతాడు. నేను బిక్కమొహం వేశాను. కాసేపాగి, "సరే, బండి పక్కన పెట్టి వట్టి నాణెం 20 సార్లు ఎగరేద్దాం, మళ్ళీ 20 సార్లు ఎగరేద్దాం. రెండుసార్లూ బొమ్మలు సమానంగా పడతాయా?" అన్నాను. ఎగరేశాం. సమానంగా పడలేదు. అక్కడ ఏ తాయెత్తూ లేదు. చిన్న తేడా దానంతటదే వస్తుందని, దానికి కారణం వెతకడం మన అలవాటని నాకు అర్థమైంది ఆ పూటే. వాడికి అర్థం కాలేదు. "నువ్వు నమ్మకం లేకుండా చేతిలో పట్టుకున్నావు, అందుకే దాని శక్తి తగ్గింది" అన్నాడు. ఆ తర్వాత చాలామంది పెద్దవాళ్ళ నోట ఇదే జవాబు విన్నాను.

స్కిన్నర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1948లో పావురాల మీద ఇలాంటిదే చేశాడు. ఆకలితో ఉన్న 8 పావురాలకి, అవి ఏం చేసినా చేయకపోయినా, కొన్ని సెకన్లకోసారి గింజలు అందే ఏర్పాటు పెట్టాడు. వాటిలో 6 పావురాలు ఏదో ఒక చేష్ట పట్టుకున్నాయి. ఒకటి గుండ్రంగా తిరగడం, ఒకటి మూలకి తల ఎగరేయడం. గింజలు తమ చేష్టకే వస్తున్నట్టు! 1971లో స్టాడన్, సిమెల్‌హాగ్ అనే ఇద్దరు దీన్ని తిరిగి చేసి, స్కిన్నర్ చెప్పిన కారణం పూర్తిగా సరికాదని, ఆ చేష్టల్లో చాలా భాగం తిండి కోసం ఎదురుచూసే పావురాల సహజ లక్షణమేనని చూపారు. స్కిన్నర్ మాటనైనా తిరిగి పరీక్షించాల్సిందే. మనకి నచ్చిన కథ కదా అని వదిలేయకూడదు.

ఇక్కడిదాకా సమావేశంలో చెబుతాను. చప్పట్లు కూడా కొడతారు.

చెప్పనిది ఇది. పందెంలో బండి మలుపు తిరుగుతుంటే నేను కుర్చీలో అటువైపు వంగేవాణ్ణి. వెనకబడితే పైబాణం మీటని ఇంకా గట్టిగా నొక్కేవాణ్ణి. కీబోర్డులో మీట కింద రెండు పొరలు ఒకదానికొకటి తగులుతాయి, అంతే. నొక్కావా లేదా అన్నది తప్ప ఎంత గట్టిగా నొక్కావో దానికి తెలియదు. ఈ సంగతి చదువుకున్నాను, తమ్ముడికి విడమరచి చెప్పాను. అయినా నొక్కుతూనే ఉన్నాను. ఆ మీట మీది బాణం గుర్తు అరిగిపోయింది. తాయెత్తు అందరికీ కనబడుతుంది కాబట్టి నవ్వాం. నా వేలిలో ఉన్న నమ్మకం ఎవరికీ కనబడలేదు.

ఉద్యోగం వచ్చాక బైకు కొన్నాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాలని నాన్న. వద్దని గంటసేపు వాదించి గెలిచాను. ఆ గంటలో హెల్మెట్ గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ఒకటి కొన్నాను, గోడకి మేకుకి తగిలించాను. మోటారు వాహనాల చట్టం 1988లోనే 129వ సెక్షన్లో అది తప్పనిసరని రాసింది. చట్టం సంగతి నాకు తెలుసు. కానీ నేను బాగా నడుపుతాను కదా!

2008 మేలో వైరాలో ఒక పెళ్ళికి వెళ్ళి రాత్రి తిరిగి వస్తున్నాం. నేను నడుపుతున్నాను, తమ్ముడు వెనక. ఇరవై చిల్లర కిలోమీటర్లే కదా అని హెల్మెట్ ఇంట్లోనే ఉండిపోయింది. ఎవరో ఇల్లు కట్టుకుంటూ రోడ్డు మీద సగం దాకా ఇసుక పోశారు. ఎదురుగా వచ్చే లారీ వెలుతురులో అది నాకు కనబడలేదు. ముందు చక్రం ఇసుకలో దిగబడింది.

నేను మోచేతులు గీరుకుపోయి లేచాను. వాడు తారు మీద పడి ఉన్నాడు. ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం. ఒక్క క్షణం నేను ఏమీ చేయకుండా వాడు లేస్తాడని చూస్తూ నిలబడ్డాను. ఏడేళ్ళు ఆ ఆటలో చూసినట్టే. వాడు లేవలేదు.

108 వచ్చింది. 11 రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. బతికాడు. మాట, నడక అన్నీ బాగున్నాయి. వాసన మాత్రం పోయింది. ముక్కు పైన జల్లెడలాంటి ఎముక ఉంటుందట. దాని చిల్లుల్లోంచి పోయే సన్నటి నరాలు తలకి దెబ్బ తగిలి మెదడు కదిలినప్పుడు తెగిపోతాయని డాక్టరు చెప్పారు. మల్లెపూలు, తాలింపు, తొలకరి మట్టి, ఏవీ వాడికి తెలియవు.

పిన్ని మంచం పక్కన కూర్చుని, వాడి దండ మీద తాయెత్తుని కళ్ళకద్దుకుని, "ఇదే కాపాడింది నా బిడ్డని" అంది. మామూలుగా అయితే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. మరి పడకుండా ఎందుకు ఆపలేదు పిన్నీ, అని. నోరు పెగల్లేదు. ఆవిడ మీద జాలితో మాత్రమే కాదు. "మరి నువ్వేం కట్టుకున్నావురా ఆ రోజు?" అని ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు. వాడికి తాయెత్తు ఉంది. నాకు "నేను బాగా నడుపుతాను" ఉంది. రెండింటికీ తేడా ఒక్క గీతైనా లేదు. 1981లో స్వెన్సన్ అనే పరిశోధకుడు విద్యార్థులని డ్రైవింగ్ గురించి అడిగితే, అమెరికాలో నూటికి 93 మంది, స్వీడన్‌లో 69 మంది తమ నైపుణ్యం సగం మంది కంటే మెరుగని చెప్పారు. నన్నడిగినా అదే చెప్పేవాణ్ణి.

ఇన్నేళ్ళ తర్వాత నాకు తోచింది ఒక్కటే. ఆటలో ఒకే మనిషిని, ఒకే దిబ్బ మీంచి, 40 సార్లు పడేసి చూడచ్చు. కాబట్టి అక్కడ తాయెత్తు నిలవలేదు. జీవితంలో మా తమ్ముడు ఒక్కసారే పడ్డాడు. తాయెత్తు లేకుండా మరోసారి, హెల్మెట్ పెట్టి ఇంకోసారి పడేసి చూడలేం. అందుకే ఏ కథైనా నిలబడుతుంది. పిన్ని కథా, నా కథా.

మరి మనకి మళ్ళీ మొదలుపెట్టే మీట లేదా? ఒక రకంగా ఉంది. ఒక్కడు వందసార్లు పడలేడు గానీ పడ్డ వేలమందిని పక్కపక్కన పెట్టి చూడచ్చు. 2008లోనే వచ్చిన కోక్రేన్ సమీక్ష 61 అధ్యయనాలని కలిపి చూసి, హెల్మెట్ వల్ల ప్రమాదంలో చావు అవకాశం సుమారు 42 శాతం, తలకి గాయమయ్యే అవకాశం 69 శాతం తగ్గుతుందని తేల్చింది. మన దేశంలో 2022లో హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్ళు 50,029 మందని కేంద్ర రవాణా శాఖ లెక్క. ఈ రెండో అంకె గుండె ఝల్లుమనిపిస్తుంది. కానీ రుజువు మొదటిదే. హెల్మెట్ లేనివాళ్ళు ఎంతమంది చనిపోయారో చెబితే చాలదు, ఉన్నవాళ్ళతో పోల్చాలి. తాయెత్తు గెలుపులు మాత్రమే లెక్కపెట్టిన మా తమ్ముడు చేసిన పొరపాటే మనమూ చేయకూడదు.

మొన్న వాళ్ళింటికి వెళ్ళాను. వాడి కొడుకు ల్యాప్‌టాప్‌లో కొండల మీద జీపు ఆట ఆడుతున్నాడు, మలుపు తిరిగినప్పుడల్లా ఒళ్ళంతా వంచుతున్నాడు. నవ్వొచ్చింది. వంటింట్లోంచి వాడు పిలిచాడు. "అన్నయ్యా, పాలు మాడాయేమో చూడు, నాకు తెలీదుగా." మాడలేదు. టీ తాగుతూ ఆ నోటుబుక్కు గుర్తుచేశాడు. "తాయెత్తు వైపే ఒక గీత ఎక్కువొచ్చింది, మర్చిపోకు" అన్నాడు. దండకి తాయెత్తు ఇంకా ఉంది. నేను వాదించలేదు. గోడ మేకు ఖాళీగా ఉంది. మూడు హెల్మెట్లూ గుమ్మం దగ్గరే ఉన్నాయి, అందులో ఒకటి చిన్నది.

ఇద్దరం కూరగాయలకి బయల్దేరాం. మార్కెట్టు కిలోమీటరు కూడా ఉండదు. హెల్మెట్లు పెట్టుకున్నాం. వాడి పట్టీ బిగిందో లేదో నేను లాగి చూశాను. నాది వాడు లాగి చూశాడు.