సాలూరు ఘాటీ మీదుగా పొట్టంగికి లేతు మిషను

సాలూరు దాటి పాచిపెంట మండలంలోకి వచ్చేసరికి రోడ్డు కొండ ఎక్కడం మొదలెడుతుంది. పి.కోనవలస ఘాటీ అంటే మన వైపు లారీవాళ్ళకి తెలియనిది కాదు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మలుపు తరవాత మలుపు. అది ఎక్కితే ఒడిశా హద్దు, సుంకి చెక్‌పోస్టు. ఆ పైన పొట్టంగి. ఇదివరకు ఇది 43 నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 26. 1936 దాకా ఈ కొండలు మన విశాఖపట్నం జిల్లాలోవే. అందుకే పొట్టంగి బజారులో ఇప్పటికీ తెలుగు చెల్లుతుంది.

పొట్టంగికి రైలు లేదు. ఇనుప సామాను ఏదైనా లారీ మీదే రావాలి. ఇంకా పైకి వెళ్తే సునాబెడలో విమానాల ఇంజన్ల ఫ్యాక్టరీ, దామన్‌జోడిలో నాల్కో ఉన్నాయి. పెద్ద కంపెనీల మిషన్లకి ఇంజనీర్లుంటారు, మంచి ట్రైలర్లుంటాయి. మన పిల్లలు కొనుక్కునే పాత మిషన్లకి అవేం ఉండవు. అందుకే ఇది రాస్తున్నాను.

మా మేనల్లుడు పొట్టంగిలో చిన్న వర్క్‌షాపు పెట్టేడు. ట్రాక్టరు ఇరుసులు, పంపు షాఫ్టులు బాగుచేస్తాడు. పాత లేతు ఒకటి కొన్నాడు. ఆరడుగుల బెడ్డు, దగ్గర దగ్గర టన్ను బరువు. సాలూరులో లారీకి ఎక్కించినరోజు నేనూ తోడు వెళ్ళేను. "టన్ను బరువు మావయ్యా, అదెక్కడికి పోతాది? రెండు తాళ్ళు చాలు" అన్నాడు వాడు. డ్రైవరు పెద్దాయన నవ్వేడు. "బరువున్నదే పోతాది బాబూ. తేలికదైతే చేత్తో ఆపుతావు, దీన్ని ఎవులాపుతారు?" అన్నాడు.

ఆ మాటే అసలు సంగతి. సడన్ బ్రేకు కొడితే లారీ ఆగుతుంది గాని మిషను ఆగదు. ముందుకు బరువులో పదింట ఎనిమిది వంతుల తోపుకి ఆగాలి, పక్కలకీ వెనక్కీ సగం తోపుకి ఆగాలి అని లెక్క కట్టి చైన్లు వేస్తారు. అంటే టన్ను లేతుకి ముందుకు 800 కిలోలు, పక్కకి 500 కిలోలు. మలుపులో స్పీడు రెండింతలైతే ఆ పక్క తోపు నాలుగింతలవుతుంది. ఘాటీలో ఎక్కేటప్పుడు వెనక్కి, దిగేటప్పుడు ముందుకి, మలుపులో పక్కకి, అన్ని వైపులా లాగుతుంది.

ఆ డ్రైవరు ఎలా కట్టించేడో చెప్తాను. ముందు గేరుబాక్సులో ఆయిలు తీయించేడు. ఆయిలు కారితే లారీ చెక్క మీద మిషను సబ్బులా జారుతుంది. చక్కు విప్పి వేరే పెట్టెలో పెట్టించేడు. టెయిల్‌స్టాకు, క్యారేజీ బిగించేడు. లేతు కాళ్ళకి ఉన్న బోల్టు కన్నాల్లోంచి రెండు మందపాటి దుంగలకి బోల్టులు వేయించేడు. లేతు అడుగు సన్నం, పైన బరువు, దుంగలుంటేనే ఒరిగిపోదు. దుంగల కింద పాత టైరు ముక్కలు పరిచేడు, జారకుండా. బరువంతా హెడ్‌స్టాకు వైపే ఉంటుంది గనక ఆ కొన క్యాబిన్ వైపు పెట్టి, మధ్య ఖాళీని దుంగలతో బిగించేడు.

తరవాత నాలుగు మూలలకీ నాలుగు చైన్లు, టర్న్‌బకిళ్ళతో. చైను బెడ్డుకే వేయాలి. లీడ్ స్క్రూకి గాని, హ్యాండిల్‌కి గాని వేస్తే అది వంగుతుంది, మిషను పాడు. పదును అంచుల దగ్గర గోనె మడతలు పెట్టేడు. మన మిల్లు గోనె ఎక్కడైనా పనికొస్తుంది! తాడు సాగుతుంది, తడిస్తే ఇంకో రకంగా ఉంటుంది. కప్పిన పట్టాకి తాడు చాలు, మిషనుకి చైనే.

మన మిల్లు మిషన్లకీ ఇదే. కార్డింగ్ మిషను సిలిండరు దారిలో తిరక్కుండా బిగించాలి, లేకపోతే బేరింగులు పోతాయి. మగ్గం ఫ్రేము పోత ఇనుము. అది వంగదు, పగులుతుంది. అందుకని చైను బిగించేటప్పుడు ఫ్రేము మధ్యలో నొక్కు పడకూడదు.

సాలూరు దాటిన కొంతసేపటికి లారీ ఆపి చైన్లు చూసేడు. ఘాటీ కింద మళ్ళీ ఆపేడు, సుంకిలో మళ్ళీ. మూడు చోట్లా ఒకటో రెండో చుట్లు బిగించవలసే వచ్చింది. కట్టినప్పుడు ఉన్న బిగువు దుంగలు సర్దుకున్నాక ఉండదు. "మిషను పట్టుకోడానికి" వెనక కూర్చుంటానన్న క్లీనరు కుర్రాణ్ణి ముందుకి పిలిచి క్యాబిన్లో కూర్చోబెట్టేడు. ఇదివరకు మా వైపు ఒక కుర్రాడు మగ్గం పక్కన అలాగే కూర్చుని మలుపులో కాలు పోగొట్టుకున్నాడు. మనిషి మిషనుని పట్టలేడు.

పొట్టంగి చేరేసరికి చీకటి పడుతోంది, చలి. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన దేవమాలి కొండ, 1,672 మీటర్లు, ఆ పక్కదే. దించడానికి అందరూ తొందరపడ్డారు. డ్రైవరు ఒప్పుకోలేదు. మిషను ఏ చైను మీదైనా ఒరిగి ఉందేమో చుట్టూ తిరిగి చూసేడు. హైడ్రా క్రేను వచ్చి బెల్టు బరువు పట్టుకున్నాకే చైన్లు విప్పనిచ్చేడు. ప్రమాదాలు ఎక్కువ ఇక్కడే, ఇంటికి వచ్చేశాం కదా అనుకున్న చోటే.

మిల్లులు మూతపడ్డాక మన పిల్లలు చాలామంది పాత మిషన్లు కొని ఎక్కడెక్కడికో తీసికెళ్తున్నారు. మిషనుకి లక్షలు పెట్టి చైన్ల అద్దె దగ్గర బేరమాడకండి. చైన్లు లేని లారీని వెనక్కి పంపండి. పెద్దవాళ్ళు వీలైతే తోడు వెళ్ళండి, మధ్యలో ఆపించి చూడండి. పిల్లాణ్ణి మాత్రం మిషను పక్కన కూర్చోనివ్వకండి.