గుర్రాలక్క చీర

నర్సాపురం రేవులో పంటు ఎక్కేటప్పటికి ఎండ ఇంకా ముదరలేదు. అవతల సఖినేటిపల్లి రేవు, మధ్యలో వశిష్ఠ గోదావరి. భీష్మ ఏకాదశి కావడంతో పంటు నిండా అంతర్వేది తీర్థానికి వెళ్ళే జనమే. చంకన పిల్లలు, చేతిలో సంచులు, ఆడవాళ్ళే ఎక్కువ. నా సంచిలో మాత్రం కట్టుబట్టలతో పాటు కాగితాల కట్ట ఒకటుంది. అన్నయ్య పంపిన హక్కు విడుదల దస్తావేజు. నాన్న పేర ఉన్న కొబ్బరితోటలో నాకొచ్చే వాటా వద్దని నేను సంతకం పెట్టాలి.

"వచ్చే బుధవారం రిజిస్ట్రేషన్. నీకెలాగూ ఉద్యోగం ఉంది కదా" అన్నాడు ఫోన్లో. ఆ మాటలో మోసమేమీ లేదు. నా ఇబ్బంది కూడా అదే. మోసం ఉంటే పోట్లాడడం తేలిక.

ఈ రేవు దాటుతున్నప్పుడల్లా నాకు మరియా మీస్ గుర్తొస్తుంది. నర్సాపురం లేసు అల్లే స్త్రీల గురించి ఆమె రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ప్రపంచ మార్కెట్ కోసం రోజుకి గంటల తరబడి పనిచేసే ఆ స్త్రీలని అందరూ గృహిణులనే అన్నారు. వాళ్ళ పనిని తీరిక వేళల కాలక్షేపం అన్నారు. ఆ పేరు పెట్టబట్టే అంత తక్కువ కూలి ఇవ్వడం సాధ్యమైందని ఆమె వాదన. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా మేనత్త కూడా పెళ్ళికి ముందు ఏళ్ళ తరబడి లేసు అల్లింది. ఆ డబ్బు ఎంతొచ్చేదో, ఎటు పోయేదో ఇంట్లో ఎవరూ లెక్క చెప్పగా నేను వినలేదు.

అత్తయ్య సఖినేటిపల్లి రేవులో నాకోసం నిలబడి ఉంది. రాజోలు దగ్గర పల్లెలో ఉంటుంది. డెబ్బై ఆరేళ్ళు. "ఒసే అమ్మాయ్, ఇంత ఆలస్యమా! రథం మనకోసం ఆగదు" అంటూనే నా సంచి లాక్కుంది. పెళ్ళయినప్పటినుంచి ఆవిడ దాదాపు ప్రతి ఏడూ ఈ తీర్థానికి వస్తూనే ఉంది. నేను రావడం ఇదే మొదటిసారి.

ఆటోలో గుర్రాలక్క కథ చెప్పింది. హిరణ్యాక్షుడి కొడుకు రక్తవిలోచనుడు. వాడి ఒంటినుంచి కారిన రక్తం ఎన్ని ఇసుక రేణువుల మీద పడితే అంతమంది రాక్షసులు పుట్టేలా వరం ఉంది. వసిష్ఠుడి మొర విని వచ్చిన నరసింహస్వామి చక్రం వేసినా ఆ ఇసుకలో ఏం చెయ్యగలడు? అప్పుడు అశ్వరూఢాంబిక, మనం పిలుచుకునే గుర్రాలక్క, ఆ రక్తం నేలమీద పడకుండా నాలుక చాపి పట్టింది. అప్పుడుగానీ వాడు చావలేదు.

"అంటే యుద్ధం గెలిచింది ఆవిడే కదత్తయ్యా?" అన్నాను.

"గెలిచిందెవరైతేనేం, గుడి ఆయనదీ, తీర్థం ఆయనదీ" అంది అత్తయ్య నవ్వుతూ. "అందుకేగా చీర పెడతాడు."

ముందు రోజు రాత్రే స్వామి కల్యాణం అయిపోయింది. ఇప్పుడున్న గుడి 1823లో పూర్తయింది. కట్టించినవాడు అగ్నికులక్షత్రియుడైన కోపనాతి కృష్ణమ్మ అని అందరూ చెప్పుకుంటారు. పాత రథం 2020 సెప్టెంబరులో కాలిపోయింది. 2021 ఫిబ్రవరి ఉత్సవాలకి కొత్త రథం చేయించారు. ఆ కొత్త రథమే మధ్యాహ్నం దాటాక కదిలింది. నేను నిల్చున్న చోట తాళ్ళు పట్టుకున్న చేతుల్లో ఆడవాళ్ళవి ఒకటీ అరా. మిగతా మేమంతా గోడల వెంట, అరుగుల మీద, దండాలు పెడుతూ. జీళ్ళు, గాజులు, పిల్లల బూరలు, దుమ్ము. ఆ హోరులో నేనూ దండం పెట్టాను. నాస్తికురాలిని కాబట్టి చేతులు కట్టుకుని చూద్దామనుకున్నదాన్నే.

రథం గుర్రాలక్క గుడి దగ్గర ఆగింది. స్వామి తన సోదరికి చీర, పసుపు కుంకుమలు పెట్టే ఘట్టం ఇది. జనం ఒక్కసారి ముందుకి తోసుకొచ్చారు. నాకు పూజారుల తలలు తప్ప ఏమీ కనబడలేదు. అత్తయ్యకీ కనబడి ఉండదు. అయినా కళ్ళు తుడుచుకుంది. మా చుట్టూ ఉన్న ఆడవాళ్ళలో ఇంకా చాలామంది తుడుచుకున్నారు. దేవుడిని చూసి కాదు, ఆ చీరని తల్చుకుని.

కాలేజీలో నేను పిల్లలకి ఈ చట్టాలే చెబుతాను. 1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి ఆస్తిలో కూతురికి కొంత చోటిచ్చింది. ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం కొడుకులకే ఉంచింది. ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ ఆ హక్కు కూతుళ్ళకీ ఇచ్చింది, కానీ అప్పటికే పెళ్ళయినవాళ్ళని వదిలేసింది. 2005లో కేంద్రం చేసిన సవరణ ఆ తేడా తీసేసింది. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. బోర్డు మీద ఇదంతా ఎంత తిన్నగా ఉంటుందో! అయితే వచ్చిన హక్కుని వదులుకునే కాగితం మీద సంతకం మనమే పెడుతున్నాం. పెట్టమని కత్తి చూపించేవాళ్ళు ఎవరూ ఉండరు. ఒక చీర ఉంటుంది.

1983లో మా తాతయ్య పోయినప్పుడు అత్తయ్య తన వాటా నాన్నకి రాసిచ్చేసింది. ఆ తోట కొబ్బరికాయల మీదే నా కాలేజీ ఫీజులు కట్టారు. స్త్రీల ఆస్తిహక్కుల మీద నేను రాసిన వ్యాసాల వెనక ఒక స్త్రీ వదులుకున్న ఆస్తి ఉంది. ఈ మాట ఇన్నేళ్ళలో ఎక్కడా రాయలేదు.

సాయంత్రం అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గరికి నడిచాం. ఒకవైపు గోదావరి, ఒకవైపు సముద్రం. అక్కడ ఇసుకలో కూర్చుని కాగితాలు తీసి చూపించాను. అత్తయ్య చదవలేదు. చూసి మడిచి ఇచ్చేసింది.

"నువ్వెందుకు పెట్టావత్తయ్యా సంతకం?"

"చీరకోసం అనుకుంటున్నావా పిచ్చిదానా? చీర పట్టుకుని మీ నాన్న ప్రతి సంక్రాంతికీ వచ్చేవాడు. ఆయన గుమ్మంలో నుంచుంటే మీ మావయ్య గొంతు తగ్గేది. చెయ్యి కూడా తగ్గేది. వాటా అడిగి ఉంటే వచ్చేవాడా?"

నాకు మాట రాలేదు. దెబ్బల సంగతి మా ఇంట్లో ఎవరూ నాతో అనలేదు. త్యాగం అనీ, అజ్ఞానం అనీ నేను పేర్లు పెట్టుకున్నది, ఆవిడ ఎకరం పైచిలుకు ఇచ్చి కొనుక్కున్న కాపలా. కోర్టు ఏ సంక్రాంతికీ గుమ్మంలోకి రాదని ఆవిడకి తెలుసు.

కాసేపాగి తనే అంది. "నాన్న పోయిన ఏడు సూతకం కదా, పండగ లేదు. మొన్న సంక్రాంతికి ఎవరన్నా వస్తారేమోనని చూశాను. రాలేదు. మీ అన్నయ్యకి పనులుంటాయిలే."

నాలుగు అడుగుల అవతల అల వచ్చి వెనక్కి పోయింది. "తోటైతే అక్కడే ఉంది" అంది, నావైపు చూడకుండా.

ఆ రాత్రి అన్నయ్యకి ఫోన్ చేశాను. బుధవారం రానని చెప్పాను. సంతకం పెట్టననీ అనలేదు, పెడతాననీ అనలేదు. "ఆ తోటలో అత్తయ్య వాటా కూడా ఉంది. ముందు దాని సంగతి మాట్లాడదాం" అన్నాను. చాలాసేపు అటునుంచి మాట లేదు. "ఎప్పటి సంగతో ఇప్పుడెందుకే?" అన్నాడు చివరికి. గొంతులో కోపం కంటే బెదురే ఎక్కువ వినబడింది. నాకూ బెదురుగానే ఉంది. వచ్చే సంక్రాంతికి నాకు చీర రాకపోవచ్చు.

మర్నాడు పంటు ఎక్కేముందు అత్తయ్య తీర్థంలో కొన్న జీళ్ళ పొట్లం నా చేతిలో పెట్టింది. కాగితాల కట్ట పక్కనే సంచిలో పెట్టుకున్నాను. వాటిమీద సంతకం ఇంకా లేదు.