ఇంటి అన్నానికి వెల లేదు

ఉదయగిరి దుర్గం చూడాలన్నది మా పిల్లల చిరకాల కోరిక. సుమారు 3 వేల అడుగుల ఎత్తున్న ఆ కొండను 1514లో వశపరచుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలకు ఏడాదిన్నర ముట్టడి అవసరమైందని చెప్పినప్పుడు వారు నమ్మలేదు. ఎండలో సగం దూరం ఎక్కేసరికి నమ్మారు. శిథిలమైన బురుజులనూ, కొండమీది పాత మసీదులనూ చూసి దిగాం. ఊళ్లో ముస్లిం కుటుంబాలు తరతరాలుగా చెక్కుతున్న కొయ్య చెంచాలు, గరిటెలు కొన్నాం.

తిరుగు ప్రయాణంలో ఆత్మకూరు చేరేసరికి మగ్రిబ్ వేళయింది. నమాజు ముగించి బయటికి రాగానే కబాబుల వాసన మమ్మల్ని ఒక చిన్న దుకాణం ముందు నిలబెట్టింది. ఉన్నవి నాలుగే బల్లలు. తండ్రి కుంపటి వద్ద సీకులు తిప్పుతున్నారు, కొడుకు విసనకర్రతో విసురుతున్నాడు, తల్లి లోపల మసాలా నూరుతున్నారు.

"మంట మీద కాలిస్తే పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. నిప్పులపై తెల్లని బూడిద కమ్మాకే సీకు పెట్టాలి. పచ్చిబొప్పాయి ముద్ద ఎక్కువైతే మాంసం పిండిలా విడిపోతుంది, తక్కువైతే నమలలేం" అని చాచా వివరించారు.

ఎనిమిది సీకులు అడిగాను.

"ఉన్నవి అవే బేటా. కానీ ఇషా తర్వాత వచ్చి తీసుకుంటానని ఒకాయన చెప్పి వెళ్లాడు. మాట ఇచ్చేశాను."

పిల్లల ఆకలి చూసి తొందరపడ్డాను. "రెట్టింపు ధర ఇస్తాను చాచా" అన్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది. "ధర సంగతి కాదు బేటా. ఆయన వచ్చి అడిగితే ఏం చెప్పను?"

సిగ్గుతో వెనుదిరిగాను. అంతలో లోపలి నుంచి చాచీ పిలిచారు. వెనుక గదిలో దస్తర్‌ఖాన్ పరిచి ఉంది. తమ కోసం వండుకున్న అన్నం, పప్పు, గుడ్ల కూర మా ముందు పెట్టారు. పిల్లలు బిస్మిల్లాహ్ అని కడుపునిండా తిన్నారు.

డబ్బు తీయబోతే చాచా నా చెయ్యి పట్టుకున్నారు. "కబాబుకు వెల చెబుతాను. ఇంటి అన్నానికి ఎలా చెప్పను?"

నా భార్య ఉదయగిరిలో కొన్న కొయ్య గరిటె ఒకటి చాచీ చేతిలో పెట్టింది. దాన్ని మాత్రం ఆమె సంతోషంగా అందుకున్నారు.

బండిలో చిన్నది అడిగింది: "అబ్బాజాన్, మనం కబాబు తిననే లేదు కదా?"

అప్పుడు పిల్లలకు హజ్రత్ ఇబ్రాహీం (అ) గారి వృత్తాంతం చెప్పాను. ముఖపరిచయం లేని అతిథులు వస్తే, ఆయన ఆలస్యం చేయక కాల్చిన దూడను తెచ్చి వారి ముందుంచారని హూద్ సూరాలో ఉంది. ఇంట్లో ఉన్నది ఇవ్వడం ఆతిథ్యం. ఇతరులకు మాట ఇచ్చినదాన్ని కాపాడటం అమానతు. ఆ రెండింటినీ ఒకే పూటలో, ఒకే ఇంట్లో చూశాం.

నేను చూపబోయిన రెట్టింపు ధర మాత్రం నెల్లూరు చేరేవరకూ నా జేబులో బరువుగానే ఉండిపోయింది.